'ఊహ' అని రాస్తే ఎడిటర్ గారు ఎందుకు కొట్టేశారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇంగ్లిష్‌లో ఉన్న ఒక శాస్త్ర పరిచయ పుస్తకాన్ని తెలుగు చేస్తున్నారు. అందులో యాక్సియమ్, హైపోథెసిస్, అజంప్షన్, ప్రిజంప్షన్ వచ్చిన ప్రతిచోటా 'ఊహ' అని రాసుకుంటూ పోయారు. ఎడిటర్ గారు నాలుగుచోట్ల కొట్టేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఒకటి జ్యామితి అధ్యాయంలో, ఒకటి మందుల పరీక్షల దగ్గర, ఒకటి అర్థశాస్త్రంలో, ఒకటి కోర్టు తీర్పు దగ్గర. నిఘంటువు తీస్తే ఒక్కోదానికి అరడజను మాటలున్నాయి, ఏది ఎక్కడ వాడాలో చెప్పమన్నారు.

చాలా ఏళ్లు తెలుగు మీడియం ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక అనువాదాలు సరిదిద్దే పనిలో పడ్డాను. మీరు చేసిన పొరపాటు నేనూ చేశాను, తిట్లూ తిన్నాను. అది కోర్టు సంగతి దగ్గర చెప్తాను.

ముందు అసలు విషయం. ఈ మాటలన్నీ 'నిజమని తీసుకున్నవాటి' పేర్లే. అందుకని మనం వాటిని నిజం పాళ్లను బట్టి వరసలో పెట్టబోతాం. ఊహ అంటే కాస్త నిజం, పరికల్పన అంటే ఇంకాస్త, సిద్ధాంతం అంటే పూర్తి నిజం అని. ఈ మెట్ల లెక్క తప్పు. అడగాల్సింది 'ఇది ఎంత నిజం' అని కాదు. ఎవరు ఒప్పుకున్నారు, ఎందుకు ఒప్పుకున్నారు, ఏం జరిగితే వదిలేస్తారు అని అడగాలి. ఈ మూడూ తెలిస్తే మాట దానంతటదే దొరుకుతుంది. ఒక్కోసారి అసలు నామవాచకమే అక్కర్లేదని కూడా తెలుస్తుంది.

తెలుగులో ఈ పనంతా ఇంట్లో, వీధిలో ఒకే ఒక్క క్రియ చేస్తుంది: అనుకోవడం. దాని రూపాలు చూడండి. 'అనుకుందాం' అంటే నిజమో కాదో పట్టింపు లేదు, కాసేపు అలా పెట్టుకుని ముందుకెళ్దాం అని. 'అనుకుంటున్నాను' అంటే నా అభిప్రాయం, నేను నమ్ముతున్నాను, కానీ పందెం కాయను. 'అనుకున్నాను' దగ్గర కథ మలుపు తిరుగుతుంది. 'నువ్వు వస్తావనుకున్నాను' అంటే నువ్వు రాలేదని వేరే చెప్పక్కర్లేదు. నిజమని తీసుకున్నది తప్పయిందన్న కబురు ఆ భూతకాలంలోనే ఉంది. అదే మాటను ముందుకు తెచ్చి 'అనుకున్నాను, ఇలా అవుతుందని!' అంటే అర్థం తిరగబడి, నా లెక్క సరిగ్గా సరిపోయిందని గొప్ప చెప్పుకోవడం అవుతుంది. ఇక 'అనుకున్న టైముకి' అంటే ఇద్దరూ ఒప్పుకున్న టైము. ఇన్ని పనులు చేసే క్రియను వదిలేసి ఊహ, భావన, కల్పన అని నామవాచకాలు వెతుక్కోవడం అనువాదకులకు పట్టిన జబ్బు. నాకూ ఉండేది.

అనుకుందాం అన్న మాట ఎంత బరువు మోస్తుందో క్లాసులో తెలుస్తుంది. గణితానుగమనం (1, 2, 3 అంటూ సంఖ్యలన్నిటికీ ఒక మాట నిజమని చూపించే పద్ధతి) చెప్పేటప్పుడు ఏటా ఒక పిల్లవాడు లేచేవాడు. మొదట ఎన్ విలువ 1 అయినప్పుడు ప్రవచనం (అంటే నిరూపించాల్సిన వాక్యం) సత్యమని చూపిస్తాం. తర్వాత 'కే దగ్గర సత్యమనుకుందాం' అని బోర్డు మీద రాస్తాం. వాడు అడిగేది ఇదీ: "సార్, నిరూపించాల్సిందే నిజమని ముందే అనేసుకుంటే ఇంక నిరూపించడానికేముంది?" మంచి ప్రశ్న. చాలామంది పిల్లలకు ఈ అనుమానం వచ్చినా నోరు మూసుకుని మార్కులు తెచ్చుకుంటారు. నేను వాడికి చెప్పేది ఇదీ. మనం కే దగ్గర నిజమని ఒప్పుకోలేదురా. 'కే దగ్గర నిజమైతే కే ప్లస్ 1 దగ్గర కూడా నిజమవుతుంది' అన్న ఒక్క ముక్కనే నిరూపిస్తున్నాం. మెట్టు మీద ఉన్నవాడు పై మెట్టు ఎక్కగలడని చూపించడమే ఆ పని, మెట్టు మీద ఉన్నాడని కాదు. మొదటి మెట్టు మీద ఉన్నాడని ముందే విడిగా చూపించాం కదా. అంటే ఆ 'అనుకుందాం' ఆ నాలుగు లైన్ల కోసం పుట్టి, అక్కడే ముగిసిపోతుంది.

రూట్ 2 నిరూపణలో అది ఇంకా దారుణం. 'రూట్ 2 అకరణీయ సంఖ్య అనుకుందాం' అని మొదలుపెడతాం, కూల్చడానికే. (అకరణీయ అంటే భిన్నంగా రాయగలిగేది. ముందు 'అ' ఉంది కాబట్టి అదే రాయలేనిదని పిల్లలు ఏటా తారుమారు చేసేవాళ్లు. ఆ పేరు పెట్టినవాళ్లను నేనూ మనసులో తిట్టుకునేవాణ్ని.) చివరికి 'ఇది మనం అనుకున్నదానికి విరుద్ధం' అని తేలుస్తాం. ఇక్కడ నిజమని తీసుకున్నవాడికి దాని మీద రవ్వంత నమ్మకం లేదు.

నమ్మకం లేకుండా నిజమని తీసుకోవడంలో మనవాళ్లు ఎప్పుడో సిద్ధహస్తులు. 1150 నాటి లెక్కల పుస్తకం లీలావతిలో భాస్కరాచార్యుడు ఇష్టకర్మ అని ఒక పద్ధతి చెప్పాడు. తెలియని సంఖ్య బదులు మీకు ఇష్టమైన సంఖ్య ఏదో ఒకటి పెట్టుకుని లెక్క చేసేయమంటాడు. ఉదాహరణ: ఒక సంఖ్యను 5తో గుణించి, వచ్చినదాంట్లో మూడో వంతు తీసేసి, 10తో భాగించి, దానికి మొదటి సంఖ్యలో మూడో వంతు, సగం, నాలుగో వంతు కలిపితే 68 అయింది. ఆ సంఖ్యేది? సరే, 3 అనుకుందాం. అయిదు మూళ్లు 15, మూడో వంతు తీసేస్తే 10, పదితో భాగిస్తే 1. దానికి 1, ఒకటిన్నర, ముప్పావు కలిపితే నాలుగుంపావు. రావాల్సింది 68. నాలుగుంపావుకు 68 పదహారు రెట్లు. కాబట్టి మన 3ను కూడా పదహారు రెట్లు చేస్తే 48. సరిచూసుకోండి, సరిపోతుంది. ఆ సంఖ్య 3 అని ఎవరూ నమ్మలేదు. 3 కాదని తెలిసే పెట్టుకున్నారు. దానికి పెట్టిన పేరు చూడండి: ఇష్టరాశి. ఎందుకు 3 అంటే నా ఇష్టం! వ్యవహారంలో దీనికి దగ్గరి మాట 'మాటవరసకి'. 'మాటవరసకి నీకు లాటరీ తగిలిందనుకో' అన్నప్పుడు ఎవరూ టిక్కెట్టు చూపించమని అడగరు.

ఇక మీ జ్యామితి అధ్యాయం. అక్కడ 'ఊహ' ఎందుకు కుదరదంటే, ఊహ ఒక మనిషి బుర్రలోది. 'నా ఊహ నిజమైంది' అంటాం, 'ఊహ తెలిసినప్పటి నుంచి' అంటాం. ప్రాచీన గ్రీకు జ్యామితి పండితుడు యూక్లిడ్ తన పుస్తకం మొదట్లో రాసుకున్నవి ఆయన బుర్రలో మెదిలిన ఊహలు కావు, చదివేవాళ్లతో కుదుర్చుకున్న ఒప్పందం. మన బడి పుస్తకాల్లో వాటికి స్వీకృతాలు అన్న మాట స్థిరపడింది. మంచి మాట. ఇందులో నాకు నచ్చే తమాషా ఒకటుంది. యూక్లిడ్ స్వీకృతాలను ఇంగ్లిష్‌లో పోస్చులేట్లు అంటారు, ఆ మాటకు లాటిన్ మూలం 'అడగడం'. గ్రీకులో యూక్లిడ్ వాడిన మాటకూ అదే అర్థం. అంటే ఆయన చెయ్యి చాచి 'ఈ అయిదూ ఇప్పించండి, మిగతా జ్యామితంతా నేను కట్టి చూపిస్తాను' అంటున్నాడు. స్వీకృతం అంటే 'పుచ్చుకున్నది, ఒప్పుకున్నది'. ఒకే బేరానికి రెండు కొసలు. ఇంగ్లిష్ మాట అడిగేవాడి వైపు నుంచి, మన మాట ఒప్పుకునేవాడి వైపు నుంచి.

యాక్సియమ్‌కి స్వయంసిద్ధం అని కూడా నిఘంటువులో ఉంటుంది. దాన్ని ఆచితూచి వాడండి. స్వయంసిద్ధం అంటే తనంతట తానే రుజువైనది, ఒప్పుకోక తప్పనిది. 'సమానమైనవాటికి సమానమైనవి కలిపితే మొత్తాలు సమానం' లాంటి సామాన్య భావనలకు అది అతుకుతుంది. సమాంతర రేఖల సంగతి చెప్పే అయిదో స్వీకృతానికి అతకదు. అది కూడా స్వయంసిద్ధంగా ఉండాలని రెండు వేల ఏళ్లు దాన్ని మిగతా నాలుగింటి నుంచి రాబట్టడానికి తంటాలు పడ్డారు. 1829లో లొబచెవ్‌స్కీ, 1832లో బొయాయ్ దాన్ని పక్కనపెట్టి వేరే జ్యామితి కట్టుకోవచ్చని చూపించారు. గ్లోబు తీసుకుని చూడండి. రెండు రేఖాంశాలు భూమధ్యరేఖను లంబంగానే దాటతాయి, చక్కగా సమాంతరంగా బయలుదేరినట్టే ఉంటాయి, ధ్రువం దగ్గరికెళ్లేసరికి కలుసుకుంటాయి. బల్ల మీద కాగితానికి ఒప్పుకున్నది బంతికి ఒప్పుకోనక్కర్లేదు. ఎవరు, దేనికోసం ఒప్పుకున్నారన్నదే లెక్క అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. మీ అధ్యాయం ఈ కథ గురించే అయితే స్వీకృతం అని రాయండి, స్వయంసిద్ధం అని రాస్తే కథే చెడిపోతుంది. భౌతిక శాస్త్రంలోకి వస్తే ఇదే పోస్చులేట్‌ను చాలాచోట్ల ప్రతిపాదన అంటారు, బోర్ ప్రతిపాదనలు అన్నట్టు. అక్కడ అదే ఉంచేయండి, చదివినవాళ్లకు అలవాటైన మాట.

రెండోది, మందుల పరీక్షలు. ఇక్కడ హైపోథెసిస్‌కు మాట పరికల్పన. కొన్ని పుస్తకాల్లో, ముఖ్యంగా సామాజిక శాస్త్రాల్లో, ప్రాక్కల్పన అని ఉంటుంది. ఏదో ఒకటి పట్టుకుని పుస్తకమంతా అదే వాడండి. పరికల్పన లక్షణం ఏమిటంటే అది పరీక్షకు కూర్చోవడానికే పుడుతుంది, ఏం జరిగితే దాన్ని వదిలేస్తామో ముందే చెప్పి మరీ పెట్టుకుంటాం. ఊహకు అలాంటి షరతు లేదు. 'వాడికి నా మీద కోపమేమో' అన్నది ఊహ, జీవితాంతం పరీక్షించకుండా మోయవచ్చు, చాలామంది మోస్తారు కూడా.

శూన్య పరికల్పన (నల్ హైపోథెసిస్, 'తేడా ఏమీ లేదు' అని పెట్టుకునేది) అని వస్తే ఇంకాస్త జాగ్రత్త. ఫిషర్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు 1935లో తన పుస్తకంలో ఒక టీ కథ చెప్పాడు. కప్పులో ముందు పాలు పోశారా, ముందు టీ పోశారా అన్నది రుచి చూసి చెప్పేస్తానని ఒకావిడ అంటుంది. ఇంగ్లండ్‌లో పాలూ డికాక్షనూ విడిగా పోసుకుంటారు కాబట్టి అక్కడ ఈ తగాదా పుట్టింది. మన టీ బండి దగ్గర అన్నీ కలిపి మరిగించేస్తారు కాబట్టి పుట్టదు. ఎనిమిది కప్పులు పెట్టారు, నాలుగు ఒకలా, నాలుగు ఇంకోలా. ఇక్కడ నిజమని తీసుకునేది 'ఆవిడకు తేడా తెలీదు' అని. ఊరికే గుడ్డిగా చెప్తే నాలుగింటినీ సరిగ్గా ఏరే అవకాశం డెబ్భైలో ఒక్కటి. అన్నీ సరిగ్గా ఏరితే, 'తేడా తెలీదు' అన్న మాటను తిరస్కరిస్తాం. ఏరలేకపోతే? తేడా తెలీదని రుజువైందని రాయకూడదు. 'తిరస్కరించలేకపోయాం' అని మాత్రమే రాయాలి. అనువాదాల్లో ఈ ఒక్క ముక్క దగ్గర పదిలో ఎనిమిది తప్పుతాయని నా అనుభవం. 'శూన్య పరికల్పన నిజమని తేలింది' అని రాసేస్తారు. వచ్చే ప్రతి వ్రాతప్రతిలో నేను ముందు అదే వెతుకుతాను.

హైపోథెసిస్‌కు మరో వల కూడా ఉంది: అనుమానం. తర్కశాస్త్రంలో అనుమానం చాలా గట్టి మాట. కొండ మీద పొగ కనిపించింది, పొగ ఉన్నచోట నిప్పుంటుందని వంటింట్లో చూశాం, కాబట్టి కొండ మీద నిప్పుంది. ఇది ప్రమాణం, జ్ఞానం తెచ్చిపెట్టేది. మన తెలుగువాడే అయిన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం చదివే పిల్లలకు మొదట్లోనే వచ్చే పాఠం. అదే అనుమానం వీధిలోకొచ్చేసరికి సందేహం అయింది. 'నాకెందుకో అనుమానంగా ఉంది', 'వాడు అనుమానపు పక్షి'. ఒక్క మాట ఒకచోట నిశ్చయం, ఇంకోచోట అనిశ్చయం. కాబట్టి తర్కం పుస్తకం అనువదిస్తే తప్ప ఆ మాట జోలికి పోకండి.

తర్కం ప్రస్తావన వచ్చింది కాబట్టి, మీరు అడక్కపోయినా ఒకటి చెప్పాలి. వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంసకుల దగ్గర అర్థాపత్తి అని ఉంది. దేవదత్తుడు పగలు తినడు, అయినా లావుగా ఉన్నాడు. అయితే రాత్రిపూట తింటున్నట్టే. ఎవరూ చూడలేదు. కానీ అలా తీసుకోకపోతే కళ్లెదుట ఉన్న రెండు సంగతులూ పొసగవు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఫ్రిజ్ తలుపు చప్పుడు వినకపోయినా ఫ్రిజ్‌లో మైసూర్‌పాక్ తగ్గిపోవడం లాంటిది. దీన్ని పరికల్పన అనను. పరికల్పనకు పోటీదార్లు ఉంటారు. అర్థాపత్తి అనేవాడు ఇంకో దారి లేదంటాడు. న్యాయసూత్రాల్లో (కోర్టు సూత్రాలు కావు, తర్కశాస్త్రపు మూలగ్రంథం) అభ్యుపగమ సిద్ధాంతం అని కూడా ఉంది. అవతలివాడి మాటను వాదం కోసం ముందు ఒప్పేసుకుని, దాని వివరాల్లోకి దిగి సంగతి తేల్చడం. 'సరే, నువ్వన్నదే నిజమనుకో, అప్పుడు...' అని మన ఇళ్లలో రోజూ జరిగేదే.

ఆ పేరులో సిద్ధాంతం అన్న మాట చూసి ఆశ్చర్యపోకండి. తెలుగులో ఆ మాట చెయ్యని పని లేదు. పైథాగరస్ సిద్ధాంతం అంటే రుజువైన ఫలితం. సాపేక్ష సిద్ధాంతం అంటే ప్రకృతిని వివరించే పెద్ద కట్టడం. సూర్యసిద్ధాంతం ఒక ఖగోళ గ్రంథం. 'నాకు కొన్ని సిద్ధాంతాలున్నాయి' అంటే లంచం ముట్టడని అర్థం. సిద్ధాంతి గారంటే పంచాంగం రాసే ఆయన. ఇంగ్లిష్‌లో థియరమ్, థియరీ అని రెండు మాటలున్నచోట మనకు ఒక్కటే ఉండటం వల్ల 'పరిణామ సిద్ధాంతం ఇంకా రుజువు కాలేదట కదా, లేకపోతే నియమం అనేవాళ్లు కదా' లాంటి ప్రశ్నలు వస్తాయి. వాటికి కారణం ఆ మెట్ల లెక్కే. థియరీ పెరిగి పెద్దదై నియమం అవ్వదు. రెండూ వేర్వేరు పనులు. నియమం ఏం జరుగుతుందో చెప్తుంది, సిద్ధాంతం ఎందుకు జరుగుతుందో చెప్తుంది.

ఇక్కడే ఇంకో చుట్టం ఉన్నాడు, రాద్ధాంతం. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో 'సమౌ సిద్ధాంతరాద్ధాంతౌ' అని ఉంది, రెండూ ఒకటే అని. వాదించి, తేల్చి, నిలబెట్టిన నిర్ణయం. తెలుగులో ఇవాళ 'ఎందుకింత రాద్ధాంతం చేస్తున్నావు' అంటే అనవసరమైన గొడవ. వాదోపవాదాలు సాగిసాగి చివరికి నిర్ణయం రాలిపోయి గొడవ మాత్రం మిగిలినట్టుంది. అమరంలో అదే శ్లోకపాదం తర్వాత భ్రాంతి, భ్రమ అన్న మాటలు వరసగా వస్తాయి. తేల్చిన నిజమూ తప్పుడు నమ్మకమూ పక్కపక్క ఇళ్లలో ఉన్నాయన్నమాట.

మూడోది అర్థశాస్త్రం. ఇక్కడ మీకు నిజంగానే చిక్కుంది. తెలుగు మీడియం అర్థశాస్త్రంలో అజంప్షన్స్ అంటే ప్రమేయాలు. క్షీణోపాంత ప్రయోజన సూత్రం తీసుకోండి. ఇడ్లీలు తింటూ పోతే ఒక్కో ఇడ్లీకి వచ్చే అదనపు తృప్తి తగ్గుతుందని. దాని ప్రమేయాలు ఏమిటి? ఇడ్లీలన్నీ ఒకే సైజు, ఒకే రుచి. మధ్యలో గంట గ్యాప్ ఇవ్వలేదు. తినేవాడి అభిరుచి ఆ కాసేపట్లో మారలేదు. ఇవి ఉన్నంతవరకే సూత్రం చెల్లుతుంది. మధ్యాహ్నం దాకా ఆగి మళ్లీ కూర్చుంటే అయిదో ఇడ్లీ మొదటి ఇడ్లీ అంత రుచిగా ఉండొచ్చు. అందువల్ల సూత్రం అబద్ధం అయిపోదు, దాని ప్రమేయం తప్పింది అంతే.

మరి చిక్కేమిటంటే, అదే ఇంటర్ పిల్లవాడు పక్క పీరియడ్‌లో లెక్కల పుస్తకం తెరిస్తే ప్రమేయాలు అనే అధ్యాయం ఉంటుంది, అక్కడ ప్రమేయం అంటే ఫంక్షన్. మా ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్) గ్రూపు పిల్లలు ఒకే రోజు ఒకే మాటను రెండు అర్థాల్లో రాసేవాళ్లు. తర్కంలో ప్రమేయం అంటే జ్ఞానానికి విషయమైనది, తెలుసుకోదగ్గది. హిందీ లెక్కల పుస్తకంలో ప్రమేయ్ అంటే థియరమ్. ఇంటికొస్తే 'ఇందులో నా ప్రమేయం ఏమీ లేదు' అంటాం, పోలీసులు వచ్చినా అదే అంటాం. ఇవన్నీ ఒకే పుస్తకంలో వస్తే పాఠకుడు ఏమైపోవాలి? మీది సాధారణ పాఠకుల కోసం రాస్తున్న పుస్తకం కాబట్టి, అందులో ఫంక్షన్ సంగతి కూడా ఉంటే, అర్థశాస్త్రం దగ్గర ప్రమేయం మానేసి 'ఈ సూత్రం కొన్ని షరతుల మీద ఆధారపడింది' అని విప్పి రాయండి. ఎకనామిక్స్ లెక్చరర్లు ఒప్పుకోకపోవచ్చు. వాళ్లు పరీక్ష పేపరు దిద్దేవాళ్లు, మీ పాఠకుడు పరీక్ష రాయడం లేదు.

ఇప్పుడు కోర్టు, అక్కడి ప్రిజంప్షన్, నేను తిట్లు తిన్న కథ. చాలా ఏళ్ల కిందట ఊళ్లో పంచడానికి చట్టాల మీద ఒక చిన్న కరపత్రం తెలుగు చేసిపెట్టమన్నారు. అందులో నిందితుణ్ని నేరం రుజువయ్యేదాకా నిర్దోషిగానే చూడాలన్న సూత్రాన్ని నేను 'నిర్దోషి అనే ఊహ' అని రాశాను. అచ్చు కాకముందు చూసిన ఒక పెద్ద వకీలు ఫోన్ చేశారు. "మాస్టారూ, ఊహైతే జడ్జి గారికి ఇష్టమైతే ఊహించుకుంటారు, లేకపోతే లేదన్నమాట! అది ఊహ కాదండీ, ఆయన నెత్తి మీద చట్టం పెట్టిన బాధ్యత" అన్నారు. ఆ ఫోన్‌లో నేర్చుకున్నది ఇప్పటికీ పనికొస్తోంది. కోర్టులో నిజమని తీసుకోవడం ఒకరి ఇష్టం కాదు, నమ్మకమూ కాదు. రుజువు చేసే బరువు ఎవరి మీద పెట్టాలన్న ఏర్పాటు.

1872 నాటి సాక్ష్యాల చట్టంలో దీనికి మూడు మెట్లున్నాయి. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ అవే ఉన్నాయి. మొదటిది, కోర్టు నిజమని భావించవచ్చు, కావాలంటే రుజువు తెమ్మనవచ్చు. రెండోది, తప్పని రుజువయ్యేదాకా నిజమని భావించి తీరాలి. మూడోది, అది కట్టె విరిచినట్టు ఖాయం, ఎదురు సాక్ష్యాన్ని కోర్టు తీసుకోనే తీసుకోదు. 'వచ్చు', 'తీరాలి', 'ఇక మాటల్లేవు'. ఈ మూడింటినీ ఒక్క నామవాచకంతో అనువదిస్తే తేడా మొత్తం పోతుంది.

చెక్కు కేసులు తీసుకోండి. చెక్కు మీద సంతకం నాదే అని ఒప్పుకున్నాక, అది తీర్చాల్సిన బాకీ కోసమే ఇచ్చినట్టు కోర్టు భావించి తీరాలని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 139వ సెక్షన్ చెప్తుంది. 'నేను ఊరికే సెక్యూరిటీగా ఇచ్చాను' అనేవాడు అది తనే చూపించుకోవాలి. అలాగే ఒక మనిషి ఆచూకీ మామూలుగా తెలిసి ఉండాల్సినవాళ్లకు ఏడేళ్లపాటు తెలియకపోతే, బతికే ఉన్నాడనేవాళ్ల మీద రుజువు బరువు పడుతుంది. అతను పోయాడని కోర్టు నమ్మిందని కాదు. ఆస్తి పంపకాలు, బీమా డబ్బులు అనంతకాలం ఆగలేవు కాబట్టి ఎక్కడో ఒక గీత గీశారు. ఎనిమిదో ఏట అతను గుమ్మంలోకి వచ్చి నిలబడితే చట్టం సిగ్గుపడదు. గమనించే ఉంటారు, నిర్దోషి సూత్రం, శూన్య పరికల్పన ఒకే అచ్చు. రెండుచోట్లా ఒకదాన్ని నిజమని పట్టుకుని కూర్చుంటాం, అవతలివాళ్లు వచ్చి కదపాలి. కదపలేకపోతే 'నిర్దోషిత్వం రుజువైంది' అని కాదు, 'నేరం రుజువు కాలేదు' అని.

ఇక్కడితో మీ నాలుగూ అయిపోయాయి. కానీ మీ పుస్తకంలో ఎడిటర్ గారు కొట్టేయనిది, కొట్టేయాల్సినది ఒకటుంటుందని నా అనుమానం (వీధి అర్థంలోనే). పేరు పెట్టకుండా వాక్యంలో దూరిపోయే ఒప్పుదల అది. 'తాగుడు మానేశావా?' అన్న పాత ప్రశ్న ఉంది కదా, అవునన్నా కాదన్నా తాగుబోతువే. తెలుగులో దీనికి ఇంకా సన్నని పనిముట్లున్నాయి. 'అధికారి లంచం తీసుకున్నాడట' అంటే విన్నమాట, నాకు పూచీ లేదు. 'తీసుకున్నట్లు ఆరోపణలున్నాయి' అంటే ఆ 'నట్లు' దూరం పాటిస్తుంది. 'తీసుకున్న విషయం తెలిసిందే' అన్నామా, తీర్పు చెప్పేశాం. పత్రికల్లో డెస్కులో కూర్చునేవాళ్లకు ఈ తేడా మీదే టెన్షన్. దీన్ని పట్టుకోవడానికి చిన్న పరీక్ష: వాక్యాన్ని 'లేదు'గా మార్చి చూడండి. 'అతను లంచం తీసుకున్న సంగతి నాకు తెలియదు' అన్నా తీసుకున్నాడనే మిగిలింది. 'తీసుకున్నాడో లేదో నాకు తెలియదు' అంటేనే ఏమీ ఒప్పుకోలేదు. కాదన్నా చెక్కుచెదరకుండా మిగిలిపోయేదేదో, అదే ఆ వాక్యం నోరెత్తకుండా నిజమని తీసుకున్నది. 'ఇంకా', 'మళ్లీ' కూడా ఈ బాపతే. 'మీ అమ్మాయికి ఇంకా పెళ్లి కాలేదా?' అన్నదాంట్లో ఆ 'ఇంకా' ఎంత మాట అనేసిందో ఆడపిల్లల తల్లిదండ్రులకు చెప్పక్కర్లేదు.

శాస్త్రం పుస్తకాల్లో ఇది తరచుగా ఇలా జరుగుతుంది: మూలంలో 'పరిశోధకులు సజెస్ట్ చేశారు' అని ఉంటుంది, మనం 'కాఫీ గుండెకు మంచిదన్న విషయాన్ని పరిశోధకులు సూచించారు' అని రాస్తాం. 'అన్న విషయాన్ని' అనగానే అది విషయం అయిపోయింది. 'కాఫీ గుండెకు మంచిది కావచ్చని' చాలు.

చివరగా, మీరు విడిగా అడిగిన ఆ 'వర్కింగ్ అజంప్షన్'. నిఘంటువు చూసి 'కార్యాచరణ పూర్వానుమానం' లాంటిదేదో పెట్టబోకండి, అలాంటి మాట చూస్తే నాకే పేజీ తిప్పేయాలనిపిస్తుంది. 'ప్రస్తుతానికి ఇలా అనుకుని ముందుకెళ్దాం' అని రాయండి. ఎడిటర్ గారు అది మరీ మాటల్లో ఉన్నట్టుందని కొట్టేస్తే 'తాత్కాలికంగా ఒప్పుకున్న ఆధారం' అని మార్చండి. దాన్నీ కొట్టేస్తే ఆయన్నే ఒక మాట రాయమనండి, ఏం రాశారో నాకూ చెప్పండి.